మూడో చీటీ: డాబాగార్డెన్స్ షేర్ల ఆఫీసులో పంతొమ్మిదేళ్లు

మేడ మీద గది

ఈ మధ్య బ్రోకరు ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలు నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు, కంప్యూటర్లు లేని రోజుల్లో ఏ షేరు కొనాలో మీకెలా తెలిసేదండీ అని. మాకు తెలిసేది కాదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లం. నేను చేసిన పని మనుషుల దగ్గర కొనమనో అమ్మమనో రాసిన చీటీలు తీసుకోవడం, వాటిలో ఉన్నది ఫోనులో చదవడం, ఆ తర్వాత ఏం జరిగిందో వాళ్ల మొహం చూసి చెప్పడం. అందులో నేను చేసిన తప్పు ఒకటి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కూర్చుంటే కుదరడం లేదు. నాలుగు వాక్యాలు రాయడం, లేచి వంటింట్లోకీ బాల్కనీలోకీ తిరగడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. అందుకని అక్కడక్కడా అతుకులు కనిపిస్తే సర్దుకోండి.

తొంభైలో టైపిస్టుగా చేరాను. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో మందుల షాపు పైన ఒక గది. రెండు బల్లలు, ఒక ఎస్టీడీ ఫోను, రేట్లు రాయడానికి గోడకి నల్లబల్ల. ఓనరు సూర్యారావు గారు హైదరాబాదులో ఒక బ్రోకరు కింద పనిచేసేవారు. షేరంటే అప్పట్లో కాగితం. అమ్మితే కాగితం వెనకాల సంతకం పెట్టి పోస్టులో పంపాలి. కంపెనీ దగ్గరున్న సంతకంతో కలవకపోతే రెండు నెలల తర్వాత అదే కవరు వెనక్కి వచ్చేది. మొదటి ఏడాదంతా నేను మనుషుల చేత సంతకాలు తిరగ పెట్టించడంలోనే గడిపాను. వేలిముద్ర నుంచి కొత్తగా సంతకానికి మారిన పెద్దవాళ్లు చెమటలు పట్టి, నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దేవారు.

సూర్యారావు గారు మంచివారు. ఆ మాట ముందే రాయాలి, ఎందుకంటే తర్వాత రాయబోయేవి అంత మంచివి కావు. రేట్లు పెరుగుతున్నన్నాళ్లు ఆయన ఎవరినీ అమ్మనిచ్చేవారు కాదు. "ఇంకో పదిహేను రోజులు ఆగండి" అనేది ఆయన ఊతపదం. ఆగినవాళ్లు నిజంగానే బాగుపడుతుండేసరికి ఆ మాట మీద నాకూ గురి కుదిరింది. తొంభై ఒకటి చివరికొచ్చేసరికి మెట్ల మీద కూడా జనం కూర్చునేవారు. పోర్టు వాళ్లు, షిప్‌యార్డు వాళ్లు, టీచర్లు, సగానికి సగం స్టీల్ ప్లాంటు వాళ్లు.

అప్పలరాజు

స్టీల్ ప్లాంటు వాళ్లలో అప్పలరాజు ఒకడు. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పని. ప్లాంటు కోసం పొలం, ఊరు ఇచ్చేసిన రైతు కుటుంబం, దానికి బదులుగా వచ్చిన ఉద్యోగం. భార్య పైడమ్మ, తండ్రి, తను, టౌన్‌షిప్పులో చిన్న క్వార్టరు. తండ్రికి ఏమీ తోచేది కాదు. క్వార్టరు వెనక సిమెంటు గచ్చును గునపంతో పగలగొట్టి తోటకూర వేశాడట. సెక్యూరిటీ వాళ్లు వచ్చి గొడవ చేస్తే అప్పలరాజు వెళ్లి దండాలు పెట్టి సర్దుకొచ్చాడు.

అప్పలరాజు ఒక్కటే కంపెనీ కొన్నాడు, ఒక సిమెంటు కంపెనీ. సూర్యారావు గారు చెప్పిందే. మా ఆయన కూడా అదే కొన్నాడు. మా ఆయన పోర్టులో గుమస్తా, పీఎఫ్‌లోంచి తీసి పెట్టాడు. పైడమ్మ అయితే మెళ్లో పుస్తెలు తప్ప మిగతాదంతా తీసి ఇచ్చింది. తొంభై రెండు మొదట్లో ఆ షేరు కొన్నదానికి నాలుగింతలు పలికింది.

"అమ్మీండి మేడమ్, చాలు" అన్నాడు అప్పలరాజు ఒక రోజు వచ్చి. "పద్మనాభం ఊరి దగ్గర ఎకరంన్నర పొలం సూసాం. మా అయ్యకి నచ్చినాది."

సూర్యారావు గారు నవ్వి, "పదిహేను రోజులు ఆగవయ్యా, రెండెకరాలు కొందువుగాని" అన్నారు.

అతను నా వైపు చూశాడు. నేనూ తల ఊపాను. ఎందుకు ఊపానో నాకు తెలియదు. అప్పటికి ఆ షేరు గురించి నాకు తెలిసింది దాని రేటు ఒక్కటే.

ఆ రోజు

ఏప్రిల్లో బ్యాంకుల డబ్బు బ్రోకర్లు షేర్లలో పెట్టారన్న బొంబాయి గొడవ పేపర్లో పడింది. రెండు రోజులు ఎవరికీ అర్థం కాలేదు. మూడో రోజుకి రేట్లు కిందికి జారడం మొదలైంది. సూర్యారావు గారు అప్పటికి వారం రోజులుగా హైదరాబాదులోనే ఉన్నారు. ఆఫీసులో నేనొక్కదాన్నే.

పొద్దున్న తాళం తీయడానికి వెళ్లేసరికి అప్పలరాజు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చేశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చొక్కా కాలరు నిండా బొగ్గు దుమ్ము.

"మొత్తం అమ్మీండి మేడమ్. బయానా ఇచ్చీసాను. నెలాఖరుకి రిజిస్ట్రేసను."

చీటీ రాసుకున్నాను. ఆ రోజు వచ్చిన మొదటి చీటీ అది. పదకొండు గంటలకి మా ఆయన పోర్టు నుంచి ఫోను చేశాడు. "మనవి అమ్మేయ్. అందరూ అమ్మేస్తున్నారు" అన్నాడు. అదీ రాశాను. ఆ వెంటనే సూర్యారావు గారి బావమరిది ఫోను. అదీ రాశాను. అప్పటికి బల్ల మీద ముప్పై పైగా చీటీలు ఉన్నాయి. వచ్చిన వరుసలోనే పేర్చుకుంటూ వచ్చాను.

అప్పట్లో బజారు మధ్యాహ్నం రెండు గంటలసేపే తెరిచుండేది. హైదరాబాదు లైను ఎంతకీ కలవడం లేదు. డయలు తిప్పి తిప్పి వేలు వాచింది. గదిలో జనం, కిటికీ దగ్గర జనం, ఎవరి ఊపిరి ఎవరికి తగులుతోందో తెలియనంత ఉక్క. ఇంకో అరగంటలో బజారు మూస్తారనగా లైను కలిసింది. కలుస్తున్న చప్పుడు వినిపించగానే నా చెయ్యి కట్టలోంచి మా ఆయన చీటీ లాగి పైన పెట్టింది. ఓనరు గారి బావమరిదిదీ లాగి దాని కింద పెట్టింది. మూడోది అప్పలరాజుది.

కంగారులో జరిగిందని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కంగారైతే ఏదో ఒక చీటీ చేతికి రావాలి. మా ఇంటిపేరు ఉన్న చీటీయే ఎందుకు వచ్చింది? తెలిసే పెట్టాను.

అవతల బ్రోకరు దగ్గర కుర్రాడు అరుస్తున్నాడు. "అమ్మా, ఇక్కడ కొనేవాడు కనబడట్లేదు. రెండు చెప్పండి, రెండే."

రెండు చదివాను. మూడోది చదవబోతుంటే లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు. బజారు మూసే వేళ దాటిపోయింది.

అప్పలరాజు కింద టీ కొట్టు దగ్గర నిల్చున్నాడు. నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టాడు.

"అయిపోయిందా మేడమ్?"

"లైను దొరకలేదండీ."

"అయితే రేపు."

"రేపు ముందు మీదే" అన్నాను.

మర్నాడు ఆ సిమెంటు షేరు కొంటాననే మనిషి లేడు. ఆ మర్నాడూ లేడు. నేను చదివిన రెండు చీటీలూ మాత్రం అమ్ముడయ్యాయని మొదటి రోజు సాయంత్రమే టెలిగ్రాం వచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండుబ్యాగులో వేసుకున్నాను.

ఓనరు గారు

సూర్యారావు గారు హైదరాబాదు నుంచి విశాఖపట్నం రాలేదు. అనకాపల్లిలో చెల్లెలి ఇంట్లో దిగిపోయారు. తొమ్మిది రోజులు అక్కడే. ఆ తొమ్మిది రోజులూ ఆఫీసు తెరిచి కూర్చున్నది నేనే. తిట్టినవాళ్లు తిట్టారు. ఒకాయన నల్లబల్ల పీకి మెట్ల మీద నుంచి తోసేశాడు. రైల్వేలో పనిచేసే ఒక ముసలాయన ఏమీ అనకుండా రోజూ వచ్చి సాయంత్రం దాకా నా ఎదురుగా కూర్చుని వెళ్లిపోయేవారు. తిట్టినవాళ్లే నయమనిపించేది.

పదో రోజు ఓనరు గారు గడ్డం పెరిగి వచ్చారు.

"నువ్వెందుకు పారిపోలేదు సత్యా?" అన్నారు.

"తాళం నా దగ్గరుంది కదండీ."

ఆ రోజు నుంచి వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆయన, 'ఈ అమ్మాయి నిజాయితీ నాకు లేదు' అని చెప్పేవారు. నా ఎదురుగానే చెప్పేవారు. అప్పుడు నేను ఏదో ఒక పని కల్పించుకుని గదిలోంచి బయటికి వెళ్లిపోయేదాన్ని.

ఆయన పారిపోయారు, నిజమే. కానీ తిరిగొచ్చారు. ఇల్లు అమ్మి ఇవ్వాల్సినవాళ్లకు ఇచ్చి, అద్దె గదిలోకి మారి, మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. ఆయన్ని తిట్టినంత తేలికగా నన్ను ఎవరూ తిట్టలేదు. నా గురించి తెలియదు కాబట్టి.

శనివారాలు

పద్మనాభం పొలం ఇంకెవరికో పోయింది. బయానా తిరిగి రాలేదు. అప్పలరాజు మాత్రం శనివారం శనివారం వచ్చేవాడు. సైకిలు కింద పెట్టి, పైకొచ్చి, "ఎంత మేడమ్?" అని అడిగేవాడు. చెప్పేదాన్ని. "అలగే" అని వెళ్లిపోయేవాడు. రేటు లేనప్పుడు లేదని చెప్పేదాన్ని. దానికీ అలగే అనేవాడు.

ఒకసారి తండ్రిని తీసుకొచ్చాడు. పొడుగాటి మనిషి, పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి ఉంది. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. కొడుకు కిందికి వెళ్లినప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, మా వోడు ఏటి తప్పు సేసాడు?"

"ఏ తప్పూ చెయ్యలేదు తాతా."

"మరెవులు సేసారు?"

"బొంబాయిలో పెద్దవాళ్లు."

"ఆల్లకి మావేటి తెలుసమ్మా" అన్నాడు ఆయన, నిజంగా అర్థం కాక.

నేను ఫైలు వెతుక్కున్నాను.

ఇదంతా ఒక్క ఏడాదిలో సర్దుకుంటుందని మాలో చాలామంది అనుకున్నాం. సర్దుకోలేదు. రేట్లు పైకి లేచినట్టే లేచి పడిపోయేవి. షేర్లలో పోగొట్టుకున్నవాళ్లు ఫైనాన్సు కంపెనీల వెంట పడ్డారు, అక్కడ పోగొట్టుకుని టేకు మొక్కల స్కీముల వెంట పడ్డారు. పోయింది తొందరగా రాబట్టుకోవాలనే ఆత్రం మనిషిని ఒకచోట నిలవనివ్వదు. అలాంటివాళ్లు మీ దగ్గరికి వస్తే ఆ రోజు ఏమీ కొనిపించకండి. మంచినీళ్లిచ్చి పంపండి. నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను. సిమెంటు కంపెనీ అయితే తొంభై ఐదులో బట్టీ ఆపేసింది. తర్వాత మా ఉత్తరాలకు జవాబులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఉత్తరాలే వెనక్కి రావడం మొదలైంది.

మేము మధురవాడలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. ఆ రోజు పైన పెట్టి చదివిన మా చీటీ డబ్బుతోనే స్థలం కొన్నాం. గృహప్రవేశానికి ఆఫీసుకొచ్చే అందరినీ పిలిచాను, అప్పలరాజును పిలవకుండా ఉండలేకపోయాను. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అతని భుజం మీద అరటి గెల.

"మా అయ్య పెరట్లో కాసింది మేడమ్. మీకిమ్మన్నాడు."

పైడమ్మ గదులన్నీ తిరిగి చూసి, "గాలి బాగొస్తన్నాది" అంది. గెల మా వంటింట్లో వారం రోజులుంది. పండ్లు అందరూ తిన్నారు. నేను తినలేకపోయాను, ఎందుకని మా ఆయన అడిగితే కడుపు బాగోలేదన్నాను.

చెప్పిన రోజు

సూర్యారావు గారు పోయాక ఆఫీసు నా చేతికి వచ్చింది. కంప్యూటరు తెర వచ్చింది, కాగితం షేర్లు పోయి ఖాతాలు వచ్చాయి. అప్పలరాజు రెండు వేల సంవత్సరంలో పైడమ్మ పేర ఖాతా తెరిచాడు. జీతంలోంచి కొద్దికొద్దిగా ఒక ప్రభుత్వ కంపెనీ షేర్లు కొంటుండేవాడు. ఆ మరుసటి ఏడు ఒక శనివారం పాత సిమెంటు కాగితాల కట్ట పట్టుకుని వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు.

"మా అయ్య పోయాడు మేడమ్. పదమూడు రోజులైనాది." కట్ట బల్ల మీద పెట్టాడు. "ఆకరి రోజు కూడా పద్మనాభం మడి గురించే అడిగాడు. వరి కోసారా అని. కోసాం అన్నాను. ఈటిని ఆ ఖాతాలో ఎక్కించడానికి అవుద్దేటి?"

అవదని చెప్పాలి. కంపెనీయే లేదు. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. నోరు తెరిచాక అది రాలేదు.

"ఆ రోజు లైను దొరికింది అప్పలరాజు గారూ" అన్నాను.

మొత్తం చెప్పాను. చీటీ లాగడం, పైన పెట్టడం, రెండే చెప్పమనడం. మధురవాడ ఇంటి సంగతీ చెప్పాను. నాకు చేతనైనంత ఇస్తానన్నాను. అతను తల వంచుకుని విన్నాడు. చివరికి తలెత్తి చూశాడు. కోపం కనిపిస్తే బాగుండేదనుకున్నాను.

"మీరు సెప్పకుండా ఉండాల్సింది మేడమ్" అన్నాడు. "ఇన్నాల్లూ నా అదురుట్టం బాగోనేదనుకున్నాను. అది అలవాటైపోనాది. ఇప్పుడు మనిసిని అనుకోవాలి."

"అనుకోండి. తిట్టండి."

"మీరిచ్చే డబ్బుతో మా అయ్య వరి కోస్తాడేటి?"

కాగితాల కట్ట బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాతి శనివారం రాలేదు. ఆ పై శనివారం రాలేదు. చాలా నెలల పాటు శనివారం వచ్చిందంటే సైకిలు చప్పుడు వినబడినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్లేదాన్ని.

నా బరువు దించుకోవడానికి అతని మీద పెట్టానేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక్క పని మాత్రం చేశాను. ఆ సోమవారం నుంచి వచ్చిన ప్రతి చీటీ మీదా వేళ రాయించాను. నావీ, మా వాళ్లవీ అన్నిటికన్నా చివర. కంప్యూటరు వచ్చాక ఆ అవసరం లేదంటారు. ఎందుకు లేదు? తెర ముందు కూర్చున్నది మనమే. ఎవరిది ముందు కొట్టాలో ఇప్పటికీ మన వేలే చెబుతుంది.

తెర ఆగిన గంట

రెండు వేల ఎనిమిది జనవరిలో మళ్లీ అలాంటి రోజే వచ్చింది. ముందు రోజు బజారు కూలింది. మర్నాడు పొద్దున్న ఆఫీసు తలుపు దగ్గర పైడమ్మ నిల్చుని ఉంది. ఏడేళ్ల తర్వాత చూడడం. జుట్టు సగం నెరిసింది.

"నా కాతాలో ఉన్నవన్నీ అమ్మీండి. ఈవేళే" అంది. "పద్మనాభంలో యాబై సెంట్లు బేరమైనాది. ఆయనకి ఇంకో ఏడెనిమిదేల్లలో డ్యూటీ అయిపోతాది. అప్పుడు ఆ క్వార్టరు కూడా ఉండదు. ఎక్కడ తిరుగుతాడు?"

"అప్పలరాజు గారికి తెలుసా మీరొచ్చినట్టు?"

"ఎల్లు అన్నాడు. తను రానన్నాడు."

ఆమె చీటీ మీద వేళ రాశాను. ఆ రోజు అదే మొదటిది. ఎదురు కుర్చీ చూపిస్తే కూర్చోకుండా బల్ల చుట్టూ తిరిగొచ్చి నా భుజం వెనక నిలబడింది. బజారు తెరవగానే ఆమెది కొట్టాను. అమ్ముడైంది. నిన్నటి కన్నా తక్కువే, అయినా స్థలానికి సరిపోయేంత వచ్చింది. రెండోది కొట్టబోతుంటే తెర మీద అంకెలు కదలడం మానేశాయి. రేట్లు మరీ పడిపోవడంతో గంటసేపు దేశమంతా బజారు ఆపేశారు.

"మాదయిందా?"

"అయింది."

"మీదేటి?"

"నాది చివర. ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు."

ఆమె అప్పుడు కూర్చుంది. వెళ్లొచ్చని చెప్పాను. ఇంటికెళ్లాక ఆయన అడుగుతాడు, చూసే వెళ్తానంది. ఆ గంటలో మేం మాట్లాడుకున్నది కొంచెమే. మామగారు చివరి రోజుల్లో మంచం మీద దుప్పటిని మడిలా చేత్తో చదును చేసుకుంటుండేవాడని చెప్పింది. నేను లేచి రెండుసార్లు నీళ్లు తాగాను. బయట మెట్ల మీద జనం కేకలు వేసుకుంటున్నారు.

తెర కదిలాక పదకొండూ వరసగా కొట్టాను. చివర నాది. దానికి ఏ రేటు వచ్చిందో రాయను, రాయదగ్గది కాదు. పైడమ్మకి ఇంగ్లీషు రాదు, అయినా తెర మీదికి వంగి చూసింది.

"ఆ అడుగున ఎర్రగా ఉన్నది మీదేనా?"

"నాదే."

"సరే" అని సంచీ తీసుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "బోరు పడ్డాక కబురంపుతాం. రావాలనుంటే రండి."

కబురు ఎండాకాలం మొదట్లో వచ్చింది. మా ఆయన వద్దన్నాడు, వెళ్లి ఏం మాట్లాడతావని. నాకూ తెలియదు. పద్మనాభం బస్సెక్కాను, మధ్యలో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను. దిగాక దారి అడుగుతూ నడిచి వెళ్లేసరికి బోరు పైపులోంచి నీళ్లు పడుతున్నాయి. అప్పలరాజు లుంగీ ఎగ్గట్టి, పార పట్టుకుని కాలవ సరిచేస్తున్నాడు. నన్ను చూశాడు. పలకరించలేదు, పని ఆపలేదు. నేను ఎండలో అలాగే నిలబడ్డాను. అతను కాలవ వెంట అటు కొస దాకా వెళ్లి, తిరిగి నా దగ్గరికి వచ్చేదాకా ఆగాను.

"సెప్పులు అక్కడ ఇప్పీసి రండి మేడమ్" అన్నాడు. "లోపల బురద."